నోటిలో తిత్తులు, లేజర్ చికిత్స : మనం తెలుసుకోవలసిన సంగతులు

కిందటి విద్యా సంవత్సరంలో మా ఏడో తరగతి కుర్రవాడొకడు ఉన్నట్టుండి పాఠం పైకి చదవడం మానేశాడు. వాచకం చదవమంటే లేచి నిలబడి తల వంచుకునేవాడు. ముందు బెంచీ నుంచి వెనక బెంచీకి తనంతట తానే మారిపోయాడు. దగ్గరకు పిలిచి చూశాం. కింది పెదవి లోపలి వైపు, కాస్త పక్కగా, శనగ గింజంత బుడిపె ఉంది. నీలి ఛాయతో, లోపల నీళ్ళున్నట్టు మెరుస్తోంది. "నొప్పి లేదు సార్. పగులుతుంది, మళ్ళీ వస్తుంది" అన్నాడు. తోటి పిల్లలు అప్పటికే వాడికి ఒక మారుపేరు తగిలించారు.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాం. తండ్రి వెల్డింగ్ పని చేస్తాడు. తల్లి ఇంట్లోనే బట్టలు కుడుతుంది. అప్పటికే రెండు ప్రయత్నాలు జరిగిపోయాయి. మొదట దాదీ సూది కాల్చి పొడిచింది. గుడ్డు తెల్లసొనలాంటి జిగట ద్రవం వచ్చి బుడిపె అణిగింది, పది రోజుల్లో మళ్ళీ లేచింది. తర్వాత వీధి చివర వైద్యం చేసే ఒకాయన బ్లేడుతో చీల్చి మాత్రలు ఇచ్చాడు. ఈసారి రెండు వారాలు ఆగి మళ్ళీ వచ్చింది. "క్యాన్సరేమో సార్, మాతో చెప్పడం లేదేమో" అని ఆ తల్లి కళ్ళు తుడుచుకుంది.

జిల్లా కేంద్రంలోని దంత వైద్య కళాశాలకు వాళ్ళతో పాటు మేమూ వెళ్ళాం. అక్కడ లేజర్‌తో ఆ బుడిపెను తీసేశారు. పావుగంట పట్టింది. కుట్టు లేదు, నోరు నిండా రక్తం లేదు. నెల తిరిగేసరికి కుర్రవాడు మళ్ళీ ముందు బెంచీకి వచ్చాడు.

ఈ సంగతి తెలిసిన కొందరు దాతలు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. "అంత సులువైన చికిత్స అయితే, మనమే ఒక లేజర్ యంత్రం కొని పేదలకు అందుబాటులో ఉంచవచ్చు కదా?" అని. మంచి మనసుతో అడిగిన ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే తిత్తి అంటే ఏమిటో, లేజర్ ఏం చేస్తుందో, ఏం చేయలేదో ముందు చెప్పాలి. మేము డాక్టర్లం కాము, బడిపంతుళ్ళం. డాక్టర్లను అడిగి, పుస్తకాలు చదివి అర్థం చేసుకున్నది పాఠం చెప్పినట్టు చెబుతాం. ఈ విషయంలో మేము చేసిన ఒక పొరపాటు కూడా ఉంది. దాన్నీ దాచకుండా చెబుతాం.

తిత్తి ఎలా పుడుతుంది?

మన నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. దీన్ని తయారుచేసే పెద్ద గ్రంథులు మూడు జతలు. ఒక జత చెవుల ముందు, ఒక జత దవడ కింద, ఒక జత నాలుక కింద ఉంటాయి. ఇవి కాక పెదవుల లోపల, బుగ్గల్లో, అంగిట్లో, నాలుకలో ఆవగింజల్లాంటి చిన్న గ్రంథులు వందల సంఖ్యలో ఉంటాయి. ప్రతి చిన్న గ్రంథికీ నోట్లోకి తెరుచుకునే ఒక సన్నని గొట్టం ఉంటుంది.

మన రైతులకు డ్రిప్పు పైపు తెలుసు. పైపు ఎక్కడో నలిగి చిట్లిందనుకోండి. మోటారు ఆడుతూనే ఉంటుంది, నీరు మొక్క దగ్గరకు చేరకుండా మట్టి కిందే ఊరి ఆ చోటు ఉబ్బుతుంది. పెదవిలో జరిగేదీ ఇదే. పెదవి కొరుక్కోవడం వల్లనో, దెబ్బ తగలడం వల్లనో, వంకర పన్ను రాపిడి వల్లనో ఆ సన్నని గొట్టం తెగుతుంది. గ్రంథి తన పని తాను చేస్తూనే ఉంటుంది. లాలాజలం బయటకు రాకుండా పొర కింద చేరి బుడిపె కడుతుంది. దీన్ని డాక్టర్లు మ్యూకోసీల్ అంటారు. మా కుర్రవాడికి లెక్క చేస్తున్నంతసేపూ కింది పెదవి కొరికే అలవాటు ఉంది. భాగహారం వస్తే మరీ ఎక్కువ. రోజూ కళ్ళెదుట చూస్తూ కూడా మేము దాన్ని పట్టించుకోలేదు.

సూదితో పొడిస్తే ఎందుకు పోదో ఇప్పుడు అర్థమవుతుంది. చేరిన నీరు పోయింది, ఊట పోలేదు. గుంటలో నీళ్ళు చెంబుతో తోడేసినంత మాత్రాన ఊట ఆగుతుందా? పైగా ఇంట్లో సూదితో పొడిస్తే చీము పట్టే ప్రమాదం ఉంది, పక్కనున్న ఇంకో గ్రంథి గొట్టం తెగే అవకాశమూ ఉంది.

అన్ని తిత్తులూ ఒకటి కావు

నోట్లో కనిపించే ప్రతి ఉబ్బునూ మనం తిత్తి అనే అంటాం. డాక్టర్లకు మాత్రం అది ఎక్కడ పుట్టిందన్నదే మొదటి ప్రశ్న.

మొదటిది, ఇప్పుడు చెప్పిన మ్యూకోసీల్. పిల్లల్లో, యువకుల్లో ఎక్కువ. చాలావరకు కింది పెదవిలోనే వస్తుంది. కొన్ని చిన్నవి వాటంతట అవే తగ్గిపోతాయి. వారాల తరబడి వస్తూ పోతూ ఉన్నవాటికి చికిత్స కావాలి.

రెండోది, నాలుక కింద వచ్చే పెద్ద తిత్తి. దీని పేరు రాన్యులా. లాటిన్ భాషలో కప్పకు ఉన్న పేరు నుంచి వచ్చిన మాట ఇది. ఉబ్బిన కప్ప గొంతులా కనిపిస్తుందని ఆ పేరు పెట్టారు. నాలుక కింది పెద్ద గ్రంథి నుంచి లాలాజలం కారి ఇది ఏర్పడుతుంది. పెద్దదైతే నాలుకను పైకి నెట్టి మాటకు, మింగడానికి అడ్డం వస్తుంది. కొందరిలో మెడ వైపు కూడా దిగుతుంది. పైన కోసి నీరు తీసేస్తే ఇది తరచుగా తిరిగి వస్తుంది. అందుకే చాలా సందర్భాల్లో ఆ గ్రంథినే తీసేస్తారు. ఆ చోట నాలుకకు స్పర్శనిచ్చే నరమూ, దవడ కింది గ్రంథి గొట్టమూ దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి ఇది అనుభవం ఉన్న సర్జన్ చేయవలసిన పని.

మూడోది, దవడ ఎముక లోపల పుట్టే తిత్తి. వీటిలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది పుచ్చిపోయిన పన్ను వేరు కొసన ఏర్పడేది. పన్ను పుచ్చి లోపలి నరం చచ్చిపోతుంది. నొప్పి ఆగిందని మనం సంతోషిస్తాం. వేరు కొసన మాత్రం చెడు అలాగే ఉండి, ఏళ్ళ మీద నెమ్మదిగా తిత్తి పెరుగుతుంది. ఇంకో రకం, బయటకు రాకుండా ఎముకలోనే ఉండిపోయిన జ్ఞాన దంతం చుట్టూ వచ్చేది. ఈ రెండూ చాలాకాలం నొప్పి లేకుండానే పెరుగుతాయి. చాలామందికి వేరే పని మీద ఎక్స్‌రే తీయించినప్పుడే బయటపడతాయి.

నాలుగోది, పసిపిల్లల్లో కనిపించేవి. నెలల పాప చిగురు మీదా, అంగిట్లోనూ తెల్లటి ముత్యాల్లాంటి గింజలు ఉంటాయి. వాటిని ఏమీ చేయనక్కరలేదు, కొన్ని వారాల్లో వాటంతట అవే పోతాయి. పన్ను మొలవబోయే చోట నీలంగా ఉబ్బే తిత్తి కూడా చాలావరకు పన్ను రాగానే పగిలి మాయమవుతుంది. వీటిని గిల్లడం, తేనె రాసి రుద్దడం చేయవద్దు. ఏడాది నిండని పాపకు తేనె అసలు పెట్టకూడదు.

లేజర్ అంటే ఏమిటి?

ఎండలో భూతద్దం పట్టి కాగితం కాల్చే ప్రయోగం మనమందరం బడిలో చేసినదే. చెదిరి ఉన్న ఎండను ఒక్క చుక్క దగ్గరకు చేర్చితే కాగితం అంటుకుంటుంది. లేజర్ అలా చేర్చిన కాంతి, అంతకంటే క్రమశిక్షణ గల కాంతి. బల్బు వెలుగు బడి విడిచిన పిల్లల్లా నాలుగు దిక్కులకూ పరుగెత్తుతుంది. లేజర్ వెలుగు ప్రార్థన వరుసలో నడిచే పిల్లల్లా ఒకే దిక్కుకు, ఒకే అడుగుతో సాగుతుంది. దాని తరంగాలన్నీ ఒకే పొడవు.

ఇలాంటి కాంతి సాధ్యమని చెప్పే సూత్రాన్ని ఐన్‌స్టీన్ 1917లో చెప్పాడు. మొదటి లేజర్‌ను అమెరికాలో థియోడర్ మైమన్ 1960 మే 16న కెంపు స్ఫటికంతో వెలిగించాడు. నోటి శస్త్రచికిత్సలో ఎంతగానో ఉపయోగపడిన కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను 1964లో కనిపెట్టినవాడు మన దేశంలో పుట్టినవాడే. ఆయన పేరు సి. కుమార్ పటేల్. మహారాష్ట్రలోని బారామతిలో 1938లో పుట్టి, పుణేలో ఇంజనీరింగ్ చదివి, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఈ పని చేశాడు.

లేజర్ కోయడం వెనక ఉన్న సూత్రం కూడా మనకు తెలిసినదే. ఎండాకాలం నల్ల చొక్కా వేసుకుంటే ఒళ్ళు మండుతుంది, తెల్ల చొక్కా వేసుకుంటే అంత మండదు. ఏ వస్తువు ఏ కాంతిని పీల్చుకుంటుందో దాన్ని బట్టి అది వేడెక్కుతుంది. కార్బన్ డయాక్సైడ్ లేజర్ తరంగం పొడవు సుమారు 10,600 నానోమీటర్లు. కంటికి కనిపించదు. దీన్ని నీరు బాగా పీల్చుకుంటుంది. నోటి పొరలో ఎక్కువ భాగం నీరే కాబట్టి కాంతి పడినచోట ఆ నీరు క్షణంలో ఆవిరై పొర తెగుతుంది. వేడి ఎక్కువ లోతుకు పోదు. ఇప్పుడు దంత వైద్యుల దగ్గర ఎక్కువగా కనిపించేది డయోడ్ లేజర్. చిన్న పెట్టె అంత ఉంటుంది. దాని తరంగాలు సుమారు 800 నుంచి 980 నానోమీటర్ల మధ్య ఉంటాయి. వీటిని రక్తంలోని ఎరుపు, చర్మంలోని నలుపు పీల్చుకుంటాయి. అందుకే కోస్తూనే చిన్న రక్తనాళాలను మూసేస్తుంది.

వెల్డింగ్ పని చేసే ఆ తండ్రికి మేము ఇదంతా చెప్పబోతే ఒక్క మాటలో తేల్చేశాడు. "మా గ్యాస్ కటింగ్ లాంటిదే కదా సార్. మంట సన్నగా ఉంటే కోత సన్నగా వస్తుంది, పట్టే చెయ్యి కుదురుగా ఉండాలి." డాక్టర్ గారు నవ్వి, అంతే అన్నారు.

కుర్చీలో ఏం జరిగింది?

ముందుగా డాక్టర్ బుడిపెను వేలితో నొక్కి చూశారు. ఎన్నాళ్ళ నుంచి ఉంది, పెరిగి తగ్గుతోందా, ఏం మందులు వాడారు అని అడిగారు. తర్వాత పెదవికి మత్తు సూది వేశారు. కుర్రవాడికి బాధ అనిపించింది ఆ ఒక్క సూదే.

గదిలో ఉన్న అందరికీ, కుర్రవాడికి సైతం, ప్రత్యేకమైన కళ్ళద్దాలు పెట్టారు. ఒక్కో లేజర్‌కు ఒక్కో రకం అద్దాలు ఉంటాయి, చలవ అద్దాలు పనికిరావు. లేజర్ కన్ను మీద పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. లేచే పొగను పీల్చేయడానికి ఒక గొట్టం పట్టుకున్నారు. పెన్సిల్‌లాంటి పిడికి వెంట్రుకంత సన్నని తీగ ఉంది. దాని కొసతో బుడిపె చుట్టూ గీసినట్టు కోసి, బుడిపెను పటకారుతో ఎత్తి పట్టి, దాని అడుగున ద్రాక్ష గుత్తిలా ఉన్న చిన్న గ్రంథులను కూడా తీసేశారు. తీసిన ముక్కను ఒక సీసాలో వేసి ల్యాబ్‌కు పంపారు. "ఇదెందుకు, అయిపోయింది కదా?" అని మేమే అడిగాం. "పేరు ఖాయం కావాలి కదా సార్" అన్నారు. ఆ మాట విలువ అప్పుడు మాకు తెలియలేదు.

గాయాన్ని కుట్టలేదు. రెండు రోజులకు దాని మీద పసుపు తెలుపు కలిసిన పొర కట్టింది. తల్లి చీము అనుకుని భయపడింది. అది చీము కాదు, మానుతున్న గాయం మీద వచ్చే సహజమైన పొర. గీకి తీయకూడదు. మొదటి రెండు మూడు గంటలు మొద్దుబారిన పెదవిని పిల్లలు తెలియక కొరుక్కుంటారు కాబట్టి ఎవరైనా పక్కనే ఉండాలి. కారం, వేడి వస్తువులు కొన్నాళ్ళు మాని పెరుగన్నం, జావ, చల్లారిన పప్పన్నం పెట్టారు. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలింపు. రెండు మూడు వారాల్లో గాయం పూడింది.

చాలామంది లేజర్ అంటే ఎక్స్‌రే లాంటి కిరణాలు అనుకుంటారు. కాదు, ఇది వెలుగు మాత్రమే. శరీరంలో ఏదీ మిగిలిపోదు. మన తల్లులు అడిగే మొదటి ప్రశ్న ఇదే కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాం.

లేజర్ గొప్ప ఎంత? హద్దు ఎంత?

రక్తం తక్కువ పోవడం, చాలాసార్లు కుట్టు అవసరం లేకపోవడం, తక్కువ సమయం పట్టడం, వాపు తక్కువగా ఉండడం, ఇవి లేజర్ గొప్పలు. కుదురుగా కూర్చోని పిల్లలకు, రక్తం పల్చబడే మందులు వాడే పెద్దలకు ఇవి చిన్న విషయాలు కావు. ఆ మందులు వాడేవారు మాత్రం సొంతంగా మానకూడదు, డాక్టర్‌కు ముందే చెప్పాలి. షుగర్ ఉన్నవారూ చెప్పాలి.

ఇక హద్దులు. మొదటిది, తిత్తి తిరిగి రాకుండా ఆపేది లేజర్ కాదు, అడుగున ఉన్న గ్రంథిని తీసేయడం. గ్రంథిని వదిలేసి పై పొర కాల్చితే, దాదీ సూదికీ ఈ ఖరీదైన యంత్రానికీ ఫలితంలో తేడా ఉండదు. అదే పనిని మంచి సర్జన్ మామూలు కత్తితో, రెండు కుట్లతో చక్కగా చేయగలడు. కొందరు పిల్లలకు డాక్టర్లు కోయకుండా తిత్తి గుండా ఒక పట్టు దారం కుట్టి కొన్ని రోజులు ఉంచుతారు. ఆ దారం వెంట కొత్త దారి ఏర్పడి లాలాజలం బయటకు వస్తుంది. లేజర్ లేనిచోట చికిత్స లేదనుకోవద్దు.

రెండోది, ఎముక లోపలి తిత్తులకు లేజర్ ప్రధాన చికిత్స కాదు. పన్నుకు వేరు చికిత్స చేయడమో, పన్ను తీయడమో, తిత్తిని సంచితో సహా ఒలిచి తీయడమో చేయాలి. మరీ పెద్దదైతే దానికి చిన్న కిటికీ తెరిచి నెమ్మదిగా కుంచించుకుపోయేలా చేస్తారు. జర్మనీకి చెందిన పార్చ్ అనే సర్జన్ 1892లో వివరించిన పద్ధతి ఇది, నేటికీ వాడుతున్నారు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. లేజర్‌తో బుడిపెను పూర్తిగా ఆవిరి చేసేయవచ్చు. అప్పుడు పరీక్షకు పంపడానికి ముక్క మిగలదు. ఆ బుడిపె తిత్తే అయితే నష్టం లేదు. కాకపోతే సాక్ష్యాన్ని మన చేతులతోనే కాల్చేసినట్టు. లాలాజల గ్రంథుల్లో వచ్చే కొన్ని క్యాన్సర్లు కూడా మొదట్లో నీలంగా, మెత్తగా, అచ్చం తిత్తిలా కనిపిస్తాయి. పై పెదవిలో, అంగిట్లో, చివరి దంతాల వెనక వచ్చే బుడిపెలను డాక్టర్లు మరింత అనుమానంతో చూస్తారు.

మా పొరపాటు

కుర్రవాడి సంగతి వీధంతా తెలిసింది. మేము కూడా ఉత్సాహంగా చెప్పుకు తిరిగాం. మా వీధి మలుపులో టీ కొట్టు నడిపే పెద్దాయన ఉన్నాడు. అందరం చాచా అంటాం. జర్దా పాన్ లేనిదే ఆయనకు పొద్దు పోదు. ఒక రోజు టీ ఇస్తూ, "మాస్టర్ సాబ్, నాకూ నాలుక పక్కన గడ్డలా ఉంది. ఆ లేజర్ డాక్టర్ దగ్గరకు నన్నూ తీసుకెళ్ళండి" అన్నాడు. ఫోన్ లైటు వేసి చూశాం. నాలుక అంచున, విరిగిన పన్ను తగిలే చోట, చిన్న గట్టి గడ్డ, దాని మీద పుండు. "పన్ను రాసుకుని వచ్చిన తిత్తే చాచా. ఐదు నిమిషాల పని. పండుగ అయ్యాక వెళ్దాం" అన్నాం.

పండుగ అయింది. తర్వాత ఆయన చిన్న కూతురి నిఖా వచ్చింది. నొప్పి లేదు కదా అని ఆయన, చిన్న పనే కదా అని మేము. మూడు నెలలు గడిచాయి. చెవి వైపు పోటు మొదలయ్యాక వెళ్ళాం. అదే కళాశాల, అదే డాక్టర్. ఈసారి లేజర్ బయటకు తీయలేదు. వేలితో నొక్కి చూసి, మెడ తడిమి, "ముందు చిన్న ముక్క తీసి పరీక్ష చేద్దాం" అన్నారు. ఫలితం క్యాన్సర్ అని వచ్చింది. మెడ గ్రంథుల్లోకి కూడా పాకింది.

హైదరాబాద్‌లో ఆపరేషన్ జరిగింది. నాలుకలో కొంత భాగం తీశారు, తర్వాత రేడియేషన్ ఇచ్చారు. అల్లాహ్ దయ వల్ల ఆయన మన మధ్యే ఉన్నాడు. కొట్టు కొడుకు చూసుకుంటున్నాడు. మేము అటు వెళితే ఇప్పటికీ పిలుస్తాడు. "మాస్టర్ సాబ్" అనే మాట మాత్రం స్పష్టంగా రాదు. మమ్మల్ని ఆయన ఒక్కసారి కూడా నిందించలేదు. మూడు నెలలు ముందు వెళితే ఏమయ్యేదో ఏ డాక్టరూ కచ్చితంగా చెప్పలేడు. కానీ తెలియని దానికి పేరు పెట్టింది మేము. ఒక మంచి ఫలితం చూసి ప్రతి గడ్డకూ అదే మందు అనుకున్నాం. తరగతిలో ఒక లెక్క జవాబు ఇంకో లెక్కకు రాస్తే సున్నా వేసేవాళ్ళం మేమే కదా!

అందుకే తేడా తెలిసేలా చెబుతున్నాం. లాలాజలం తిత్తి సాధారణంగా మెత్తగా, నున్నగా ఉంటుంది, పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. గట్టిగా ఉండి తగ్గకపోవడం, పైన పుండు పడడం, తాకితే రక్తం రావడం, పక్కన తెల్ల మచ్చో ఎర్ర మచ్చో ఉండడం, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, మెడలో గడ్డ తగలడం, కారణం లేకుండా పళ్ళు కదలడం, ఇవన్నీ ప్రమాద సూచనలు. నోట్లో ఏ పుండైనా, గడ్డైనా రెండు వారాల్లో తగ్గకపోతే చూపించాలి. పొగాకు, గుట్కా, జర్దా వాడేవారు అంతకన్నా ముందే చూపించాలి. పొగాకు లేని వక్కపొడి కూడా క్షేమం కాదు. వక్క క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం నిర్ధారించింది. మన పెళ్ళిళ్ళలో దస్తర్‌ఖాన్ ఎత్తగానే పాన్ పళ్ళెం తిరుగుతుంది. ఆ పళ్ళెంలో సోంపు ఉంచి వక్క, జర్దా తీసేయడానికి పైసా ఖర్చు లేదు.

యంత్రం కొందామా?

ఇప్పుడు దాతల ప్రశ్నకు వద్దాం. మా అభిప్రాయం, యంత్రం ఇప్పుడు వద్దు. యంత్రం వెనక శిక్షణ పొందిన డాక్టర్, కళ్ళద్దాలు, పొగ పీల్చే పరికరం, ఏటా మరమ్మతులు, దగ్గరలో ల్యాబ్ ఉండాలి. అవి లేకుండా యంత్రం మాత్రమే ఉంటే, చాచా లాంటి వారి గడ్డను కూడా ఎవరో ఒకరు "ఐదు నిమిషాల పని" అనే ప్రమాదం ఉంది. హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. ప్రైవేటు కళాశాలలూ ఉన్నాయి. అక్కడ నిపుణులు ఉన్నారు. మనవాళ్ళు అక్కడికి సమయానికి చేరకపోవడమే మన సమస్య.

ఎందుకు చేరడం లేదో ఆ రెండు కుటుంబాలతో తిరిగితే మాకు అర్థమైంది. వెల్డింగ్ తండ్రికి ఒక రోజు వెళితే ఒక రోజు కూలీ పోతుంది. బస్సు ఖర్చు ముగ్గురికి. ఎక్స్‌రే ఒక రోజు, ముక్క పరీక్ష ఫలితం ఇంకో రోజు, గాయం చూపించడం మరో రోజు. మొదటిసారి ఎలాగో వెళతారు, రెండోసారి మానేస్తారు. పరీక్ష ఫలితం తీసుకోకుండా వదిలేసేవారు ఉంటారని ఆ డాక్టర్ గారే చెప్పారు. మన సాయం అక్కడ కావాలి. బస్సు చార్జీకి, పోయిన కూలీకి, ల్యాబ్ రుసుముకు, చదువురాని తల్లికి తోడుగా వెళ్ళే ఒక మనిషికి. ఇది ఫలకం మీద పేరు చెక్కించుకునేంత పెద్ద దానం కాదు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియనంత చిన్న సదఖా. ఒక నాలుకను, ఒక గొంతును కాపాడేది అదే కావచ్చు.

దీనితో పాటు ఏడాదికి ఒకసారి మన బడుల్లో, మదరసాల్లో, పని చేసే పెద్దల కోసం అడ్డాల దగ్గర దంత వైద్యులతో నోటి పరీక్ష పెట్టించవచ్చు. దానికి లైటు, చేతి తొడుగులు, చెక్క పుల్లలు, రాసుకోవడానికి ఒక పుస్తకం చాలు. ఆ పుస్తకంలో రాసిన ప్రతి పేరునూ నెల తర్వాత ఇంటికి వెళ్ళి అడగడమే అసలు పని. ఆ బాధ్యత ఉపాధ్యాయులం మేము తీసుకోగలం.

ఇంట్లో గుర్తుంచుకోవలసినవి

1. నోటిలో బుడిపెను సూదితో, గోరుతో, బ్లేడుతో పొడవవద్దు.
2. రెండు వారాలు దాటిన పుండు, గడ్డ, మచ్చ ఏదైనా దంత వైద్యుడికి చూపించండి. నొప్పి లేదని ఆగవద్దు.
3. లేజర్ ఉందా అని అడిగే ముందు "ఇది ఏమిటి డాక్టర్ గారూ?" అని అడగండి.
4. లేజర్‌తో తీస్తామంటే "అడుగున ఉన్న గ్రంథి కూడా తీస్తారా? తీసిన ముక్కను పరీక్షకు పంపుతారా?" అని అడగండి.
5. పరీక్ష ఫలితం కాగితం చేతికి వచ్చేదాకా చికిత్స పూర్తయినట్టు కాదు.
6. పుచ్చిన పన్ను నొప్పి దానంతట అదే ఆగితే సంతోషించవద్దు, ఎక్స్‌రే తీయించండి.
7. పెదవి కొరికే పిల్లలను కోప్పడకుండా గుర్తు చేస్తూ మాన్పించండి.

మా కుర్రవాడు ఇప్పుడు ఎనిమిదో తరగతి. వాచకం పైకి చదువుతున్నాడు. లెక్కల పీరియడ్‌లో పెదవి పళ్ళ కిందకు పోగానే పక్కవాడు మోచేత్తో పొడుస్తాడు, వాడు నవ్వి మానేస్తాడు. ఆ నవ్వు చూసినప్పుడల్లా మాకు సంతోషం. ఆ వెంటనే చాచా గుర్తుకు వస్తాడు. ఈ వ్యాసం చదివిన తర్వాత మీ ఇంట్లో, మీ వీధిలో, మీ దుకాణంలో ఎవరైనా "నోట్లో ఏదో గడ్డలా ఉంది" అంటే, మేము అన్నట్టు పండుగ అయ్యాక వెళ్దాం అనకండి. మర్నాడే బస్సు ఎక్కించండి. టికెట్టు మీరు తీసివ్వండి.